టెల్వా చేతిలో గ్లాసు

సీసాను తలకన్నా ఎత్తుగా పట్టుకుని, గ్లాసును మోకాలి దగ్గర వంచి, చూపు ఎక్కడో పెట్టి, ఆపిల్ రసం పులియబెట్టి చేసిన సైడర్ పోస్తున్నవాడి పక్కనుంచి ఎవరూ నడవరు. లోయలోని కామోకా ఊళ్లో అంగన్‌వాడీ పిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. టెల్వాకూ తెలుసు. కానీ ఆ రోజు ఆమె చంకలో గడకర్రంత బ్యానర్ చుట్ట, చేతిలో కరపత్రాల కట్ట, బుర్రలో గురువారం జరగబోయే సభ. ఇక దారి చూసేదెవరు?

బ్యానర్ కొస వెళ్లి, కొట్టు ముందు సైడర్ పోస్తున్న షుర్దే మోచేతికి తగిలింది. సైడర్ ధార గ్లాసును తప్పి తిన్నగా ఆమె బూట్లలోకి దిగింది.

"నా బూట్లు!"

"నా సైడర్!" అన్నాడు షుర్దే.

"బూట్లు కొత్తవి తెలుసా?"

"బూట్లు ఎండబెట్టుకుంటే ఎండుతాయి. ఒలికిన సైడర్‌ని ఎత్తుకోమంటారా?"

"ఎత్తుకోండి. నా సాక్సులో ఉంది."

కొట్టులో కూర్చున్న ముసలాళ్లు ఫక్కున నవ్వారు. షుర్దే కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. అతను నవ్వితే ఒక్క బుగ్గే నవ్వుతుంది. ఒళ్లు మండుతున్న మనిషి ఎదుటివాడి బుగ్గల్ని అంత శ్రద్ధగా చూస్తుందా అని అడక్కండి. చూసింది.

"మీరేనా షుర్దే? ఈ లోయలో సైడర్ కొట్ల సంఘానికి కార్యదర్శి?"

"నేనే. ఆ 'మీరు' తీసేయండి, ముసలాణ్ణైపోయినట్టుంది."

"అయితే నువ్వూ తీసెయ్. నేను టెల్వా. హిహోన్ పట్నంలో హోటల్ పనులు నేర్పే స్కూల్ నుంచి వచ్చాను." కరపత్రం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అది కూడా అప్పటికే సగం తడిసింది.

షుర్దే దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కొట్టంతా వినేలా చదివాడు. "'వృత్తి విద్యా క్రెడిట్ల యూరప్ ప్రాజెక్టు. ప్రాంతీయ భాగస్వాములతో ఫలితాల వ్యాప్తి.' వ్యాప్తి అంటే ఏంటి, జలుబు లాగానా?"

"చదువుకున్నదాని గురించి నలుగురికీ చెప్పడం."

"అలాగని రాయొచ్చుగా?"

"అలా రాస్తే ప్రాజెక్టు ఇవ్వరు."

ఈసారి షుర్దే ఆపుకోలేకపోయాడు. ఆ బుగ్గ పూర్తిగా నవ్వేసింది.

సంగతి ఇదీ. టెల్వా చదువు చెప్పే స్కూలు నుంచి ఆరుగురు పిల్లలు సముద్రం అవతల వేరే దేశంలో ఉన్న బ్రిటనీకి వెళ్లి, అక్కడి సైడర్ హోటళ్లలో మూడు నెలలు పనిచేసి వచ్చారు. అక్కడ నేర్చుకున్న ప్రతి పనికీ ఇక్కడ క్రెడిట్ లెక్కగట్టాలన్నదే ప్రాజెక్టు. లెక్కంతా సిద్ధంగానే ఉంది. కాని పిల్లల్ని శిక్షణకు చేర్చుకోవాల్సినవాళ్లు ఈ లోయలోని కొట్ల యజమానులు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ మూడు నెలలూ గంగలో కలిసినట్టే. పిల్లలు ఎండాకాలం అంతా మళ్లీ మొదట్నుంచి అదే పని చేయాలి. "మీ పిల్లల కష్టం వృథా పోదు, నాది పూచీ" అని టెల్వా ఆరుగురు తల్లులకూ మాటిచ్చింది. అప్పట్నుంచి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు.

"ఆ బ్రిటనీ వాళ్లు సైడర్‌ని కప్పుల్లో తాగుతారు," అన్నాడు షుర్దే. "టీ తాగినట్టు. మా సెవేరో మావయ్య వింటే గుండె ఆగిపోతుంది."

"గురువారం రమ్మను, ఆగకుండా చూసుకుంటాను. పదకొండింటికి, ఊరి బయట పెద్ద హోటల్లో. కాఫీ, క్రోసాం రొట్టెలు ఉంటాయి."

"గురువారమా? గురువారం మేము కొత్త సైడర్ మొదటి పీపా తెరుస్తున్నాం. హోటల్‌కి ఒక్క పురుగు కూడా రాదు."

"బెదిరిస్తున్నావా?"

"ఉన్నమాట చెప్తున్నా."

"చూద్దాంలే," అంది టెల్వా. తడి బూట్లు కిచకిచమంటుంటే వీలైనంత హుందాగా బయటికి నడిచింది. బయట తుంపర. ఆ ప్రాంతంలో వాన కురిసినట్టుండదు, మనిషికి పట్టినట్టుంటుంది. బస్సొచ్చేదాకా ఆ తుంపరలో నిలబడి, ఆ మనిషి మీద ఎంత కోపం వచ్చిందో తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది.

అంత కోపం వచ్చిన మనిషి మర్నాడు మళ్లీ అదే కొట్టుకు ఎందుకు వెళ్లినట్టు? సంఘం సభ్యుల పేర్లు కావాలట. ఫోన్ చేస్తే చెప్పేవాడే.

షుర్దే పేర్లు చెప్పాడు. చెప్పి, ఎదుటి స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"నీ కరపత్రంలో ఈ యూనిట్ అంటే ఏంటి?"

"అభ్యసన ఫలితాల సమాహారం. జ్ఞానం, నైపుణ్యం, సామర్థ్యం అనే మూడు..."

"మళ్లీ చెప్పు. మనుషుల భాషలో."

"ఒక పనిలో ఒక ముక్క."

"ఇది బాగుంది. అయితే పీపా కడగడం ఒక ముక్కా?"

"అవును."

"పీపాని బ్రిటనీలో కడిగినా ఇక్కడ కడిగినా ఒకటేగా?"

"అదేగా నేను చెప్పేది!"

"నువ్వెక్కడ చెప్పావ్? నేను చెప్పాను."

అతని మేనత్త ఒలీవా వంటింట్లోంచి తల బయటపెట్టింది. "ఏంట్రా, ఆ పిల్లని అలా పీక్కుతింటున్నావ్? ఏమ్మా, ఏమైనా తిన్నావా?" అంటూ చోరీసో అనే కారప్పంది మాంసం ముక్కలు సైడర్‌లో ఉడికించిన గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. ఇద్దరూ మాట్లాడుకుంటూనే గిన్నె ఖాళీ చేశారు. ఆఖరి ముక్క దగ్గర ఇద్దరి చేతులూ ఆగాయి. షుర్దే దాన్ని ఆమె వైపు తోశాడు. అది చిన్న విషయమే. బస్సులో ఇంటికి వెళ్తూ టెల్వా ఆలోచించింది మాత్రం దాని గురించే.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో ఇంకోసారి వెళ్లింది. ఆరోజు అతను ఏమీ అడగలేదు. ఆమె చెప్తుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం, "గురువారం పీపా తెరుస్తున్నాం, గుర్తుందిగా," అన్నాడు.

"నాకు సభ ఉంది, గుర్తుందిగా," అంది ఆమె.

బుధవారం పక్క ఊళ్లో కరపత్రాలు పంచుతుంటే అసలు సంగతి బయటపడింది. కొట్టు నడిపే ఒకావిడ కరపత్రం తీసుకోకుండానే, "హోటల్‌కా? వెళ్లొద్దని షుర్దే చెప్పాడుగా. నిన్ననే వచ్చాడు. అన్ని కొట్లకీ తిరుగుతున్నాడు," అంది.

టెల్వా చేతిలోని కరపత్రాన్ని నలిపేసింది. ఆ ప్రశ్నలన్నీ ఇందుకా? తన నోటితోనే తన గుట్టంతా చెప్పించుకుని, ఊరూరా తిరిగి దెబ్బ తీశాడన్నమాట. మధ్యలో ఆ చోరీసో ముక్కొకటి! నమ్మినందుకు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

గురువారం పదకొండింటికి హోటల్ హాల్లో ప్రొజెక్టర్ వెలుగుతోంది. కుర్చీలన్నీ వరసగా ఉన్నాయి. క్రోసాంలు పళ్లెంలో ఉన్నాయి. మనుషులే లేరు. టెల్వా పావుగంట చూసింది, అరగంట చూసింది. తన మొదటి స్లైడ్‌ని తానే పైకి చదువుకుంది. ఖాళీ కుర్చీలకు చెప్పినా, గోడకు చెప్పినా అంతే. ఆరుగురు తల్లుల ముఖాలు కళ్లముందు మెదిలాయి. ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది.

బ్యానర్ చుట్ట చంకన పెట్టుకుని తుంపరలోనే కామోకాకి నడిచింది.

షుర్దేవాళ్ల ఆపిల్ గానుగశాల కొట్టు వెనకే ఉంటుంది. తలుపు తోసేసరికి లోపల లోయంతా అక్కడే ఉంది. కొట్ల యజమానులు, వాళ్ల ఆడవాళ్లు, బల్లల మీద గుడ్లట్లు, ఉడికించిన గుడ్లు, జున్ను. చీకట్లో వరసగా పెద్ద పెద్ద చెక్క పీపాలు. అందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు.

"సంతోషంగా ఉందా?" అంది టెల్వా షుర్దేని చూసి. "ఊరూరా తిరిగి హోటల్‌కి వెళ్లొద్దని చెప్పావట. ఇష్టం లేకపోతే నా మొహం మీదే చెప్పాల్సింది. ఆ పిల్లలు నీకేం చేశారు?"

ఒలీవా అత్త చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది.

"హోటల్‌కి వెళ్లొద్దన్నాను," అన్నాడు షుర్దే మెల్లగా. "ఇక్కడికి రమ్మన్నాను. టెల్వా వచ్చి మాట్లాడుతుంది, విని తీరాలి అని చెప్పి మరీ రమ్మన్నాను. గంట నుంచి నీకోసమే కూర్చున్నారు. పీపా కూడా తెరవలేదు."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"చెప్పానుగా! రెండుసార్లు చెప్పాను. గురువారం పీపా తెరుస్తున్నాం అని."

"అది పిలుపా?"

"కాక? పీపా తెరుస్తున్నామని చెప్పాక ఇంకా వేరే పిలుస్తారా ఎవరైనా? మీ హిహోన్‌లో శుభలేఖలు అచ్చేస్తారేమోగాని..."

"ఓరి మొద్దు వెధవా!" ఒలీవా అత్త అట్లకాడతో అతని భుజం మీద ఒకటి వేసింది. "'నువ్వు రా' అని రెండు ముక్కలు అనడానికి నోరు రాలేదా? ఆ పిల్ల ఒక్కతీ ఆ హోటల్లో ఎంత ఏడ్చి ఉంటుందో!"

"నేనేం ఏడవలేదు," అంది టెల్వా. కళ్లు మాత్రం వేరే మాట చెప్పాయి. షుర్దే ముఖం పాలిపోయింది. అప్పుడుగాని అతనికి తను చేసిందేమిటో పూర్తిగా బోధపడలేదు.

"తగువు తర్వాత తీర్చుకోండి. నా గొంతెండిపోతోంది," అన్నాడొక ముసలాయన. లోయలోకెల్లా పెద్దవాడు సెవేరో, అందరికీ మావయ్య. ఆయన ఒప్పుకుంటే సంఘం ఒప్పుకున్నట్టే, తల అడ్డంగా ఊపితే అంతే సంగతులు.

షుర్దే మొదటి పీపాకు కొట్టిన చిన్న చెక్క బిరడా లాగాడు. సన్నటి ధార వంపు తిరిగి దూకింది. ఆ ఇంట్లో మొదటి పీపా రోజు ఒక్కటే గ్లాసు. అదే అందరి చేతులూ తిరుగుతుంది. గ్లాసులో అడుగున రెండు గుక్కలే పడతాయి. బుడగలు చావకముందే గటగటా తాగాలి. ఓ చుక్క మిగిల్చి, పెదవి తగిలిన అంచును దానితో కడిగి నేలమీద పారబోసి, గ్లాసు వెంటనే తిరిగివ్వాలి. గ్లాసు పట్టుకుని కబుర్లు చెప్పడం ఆ ప్రాంతంలో చేయగూడని పని. ఎందుకంటే ఆ కబుర్లు అయ్యేదాకా మిగతావాళ్లందరి నోళ్లూ ఎండాల్సిందే.

మొదటి గ్లాసు అతిథికి. షుర్దే దాన్ని టెల్వా చేతిలో పెట్టాడు.

ఆమె తాగబోతుండగా సెవేరో అడిగాడు. "ఇంతకీ అమ్మాయ్, కప్పుల్లో సైడర్ పోయడం నేర్చుకొచ్చిన పిల్లల్ని మేమెందుకు ఒప్పుకోవాలి?"

పది నెలలుగా ఆమె ఎదురుచూస్తున్న ప్రశ్న అది. ప్రొజెక్టర్ లేదు, స్లైడ్లు లేవు. ఉన్నదల్లా నోరు. టెల్వా గ్లాసు పెదవిదాకా తెచ్చి మళ్లీ దించింది.

"మావయ్యా, మీ వంటింటికి పొరుగూరి నుంచి వంటామె వచ్చిందనుకోండి. ఉల్లిపాయ తరగడం మళ్లీ నేర్పుతారా?"

"ఎందుకు నేర్పుతాను? మతిపోయిందా నాకు?"

"మీ ఇంట్లో చిక్కుడు గింజల కూర ఎలా వండుతారో అది నేర్పుతారు. అంతేగా? నేనూ అంతే అంటున్నాను. పీపా కడగడం, సైడర్ చెడిందో లేదో వాసన పట్టడం, నిండిన కొట్టులో తిక్క మనుషులకు ఓపిగ్గా జవాబు చెప్పడం, ఇవన్నీ వాళ్లు నేర్చుకొచ్చారు. ఒక్కొక్క ముక్కనీ అక్కడివాళ్లు పరీక్ష పెట్టి చూశారు. వచ్చినదాన్ని మళ్లీ మొదట్నుంచి చేయించకండి."

"మరి సీసా ఎత్తి పోయడం?"

"అది వాళ్లకి రాదు," అంది టెల్వా. "రాదనే రాశాను. ఆ ముక్కకి క్రెడిట్ సున్నా. అది మీరే నేర్పాలి. మీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

సెవేరో కనుబొమలు ముడిపడ్డాయి. అన్నీ వచ్చేశాయని చెప్పి ఈ పిల్ల తమ నెత్తిన కూర్చుంటుందని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. పోట్లాటకు నూరుకున్న కత్తి కాస్తా మొద్దుబారింది.

టెల్వా ఆగలేదు. ఏ పిల్ల ఏం నేర్చుకుందో, ఎవడు మొదటివారం ఇంటి మీద బెంగతో ఏడ్చి రెండోవారం వంటవాడికి కుడిభుజమయ్యాడో పేరుపేరునా చెప్పింది. చెప్తూ చేతులు తిప్పింది. చేతుల్తోపాటు గ్లాసూ తిరిగింది. అందరి కళ్లూ దానివెంటే తిరిగాయి. ఎవరో దగ్గారు. ఒకాయన ముందుకు రాబోతే షుర్దే చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"నేర్చుకున్నది లెక్కలోకి రాకపోతే మనిషికి ఎలా ఉంటుందో తెలుసా మావయ్యా?" అంది టెల్వా.

జవాబు చెప్పింది ఒలీవా అత్త.

"ఆయనకి తెలీదేమోగాని నాకు తెలుసు. మావాడు పంతొమ్మిదేళ్లప్పుడు బ్రిటనీ వెళ్లాడు. రెండేళ్లు సైడర్ చేయడం నేర్చుకుని ఎగురుకుంటూ వచ్చాడు. వస్తే ఇదిగో ఈ సెవేరో అన్నయ్య తన కొట్లో సీసాలు కడగడానికి పెట్టాడు. ఏడాదంతా. ఆ ఏడు వీడు నవ్వగా నేను చూడలేదు."

టెల్వా షుర్దే వైపు చూసింది. అతను పీపా బిరడాతో ఏదో ముఖ్యమైన పనున్నట్టు అటు తిరిగాడు. ఆ ప్రశ్నలన్నీ ఎందుకడిగాడో, లోయంతా ఎందుకు తిరిగాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"నన్నూ మా నాన్న అలాగే కడిగించాడు," అన్నాడు సెవేరో. ఎప్పుడూ గట్టిగా ఉండే ఆ గొంతు తగ్గింది. "అలాగే చేయాలేమో అనుకున్నా. ఒరే షుర్దే, నేను చేసింది తప్పేరా." టోపీ సర్దుకున్నాడు. "సరే. పిల్లలకి వచ్చింది వచ్చినట్టే లెక్క. సీసా ఎత్తి పోయడం నేనే నేర్పుతా. సంఘం ఒప్పుకున్నట్టే. ఇక ఆ గ్లాసు వదులు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

టెల్వా తన చేతివైపు చూసుకుంది. గ్లాసు! పావుగంట పైనే అయి ఉంటుంది. సైడర్ చచ్చి చల్లారి, వాననీళ్లలా ఉంది. ఎదురుగా లోయంతా నాలుకలు ఎండబెట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మో! నేను... గ్లాసు..." బుగ్గలు ఎర్రబడ్డాయి. "మావయ్యా, ఇప్పుడు ఒప్పుకున్నది పిల్లల కోసమా, గ్లాసు కోసమా?"

"గ్లాసు కోసమైతే నువ్వు ఉల్లిపాయ దగ్గరున్నప్పుడే ఒప్పుకునేవాణ్ణి!"

గానుగశాల కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. గ్లాసు చేతులు మారింది. అప్పటిదాకా పట్టి ఉంచిన ఊపిరి లోయ మొత్తం ఒక్కసారి వదిలినట్టయింది.

టెల్వా తలుపు బయట చూరు కింద నిలబడి, ఒకచోటే కాచుకుని ఉన్న పిల్లలకు ఫోన్ చేసింది. "మీ మూడు నెలలూ లెక్కలోకి వచ్చాయి," అంది. అవతల ఆరుగురూ కలిసి అరిచిన అరుపుకు ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. ఎవరి తల్లో వెనకనుంచి ఏడుస్తూ దండాలు పెడుతోంది. ఫోన్ పెట్టేశాక టెల్వా ఆపిల్ బుట్ట బోర్లించి దానిమీద కూలబడింది. నెలల తరబడి గుండె మీదున్న బండ దిగిపోయింది. హాయిగా, చప్పుడు చేస్తూ ఏడ్చింది.

"మళ్లీ నేనేం చేశాను?" షుర్దే గుమ్మంలో ఉన్నాడు.

"ఏమీ చేయలేదు. ఇది మంచి ఏడుపు." ముక్కు తుడుచుకుంది. "నా చేతిలోంచి గ్లాసు ఎందుకు లాక్కోలేదు? నీకు తెలుసుగా."

"లాక్కుంటే అందరూ తాగుడులో పడేవాళ్లు. నీ మాట వినేదెవరు? గ్లాసు నీ దగ్గరున్నంతసేపూ ఎవడూ కదలడు." అతనూ ఇంకో బుట్ట బోర్లించి పక్కనే కూర్చున్నాడు. "ఇక ఊళ్లో పదేళ్లపాటు ఇదే చెప్పుకుంటారు. ఫలానా పిల్ల గ్లాసు పట్టుకుని..."

"చెప్పుకోనీ. మనవైపు వానలాగే ఎప్పటికో వదుల్తుందిలే."

లోపల పాట మొదలైంది. శ్రుతి లేదు, ఉత్సాహం ఉంది.

"ప్రాజెక్టు అయిపోయినట్టేనా?" అన్నాడు షుర్దే.

"అయిపోయింది."

"అంటే ఇక నువ్వు రావా?"

"రావడానికి పనేముంది?"

"గురువారం ఇంకో పీపా..." అని, నాలుక కరుచుకున్నాడు. "కాదు. అలా కాదు. టెల్వా, నువ్వు రా. వచ్చే గురువారం రా, ఆ పై గురువారం కూడా రా. నువ్వంటే నాకిష్టం. నీ బూట్లలో సైడర్ పోసినరోజు నుంచీ ఇష్టం. ఆ హోటల్లో నిన్నొక్కదాన్నే కూర్చోబెట్టాను, దానికి సిగ్గుగా ఉంది. మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టమన్నా మొదలుపెడతాను. పరిచయం దగ్గర్నుంచి, సీసాలు కడగడం దగ్గర్నుంచి, నువ్వెక్కడ్నుంచి అంటే అక్కడ్నుంచి."

టెల్వా అతని ముఖంలోకి చూసింది. ఆ బుగ్గ ఈసారి నవ్వడంలేదు, జవాబు కోసం భయం భయంగా ఎదురుచూస్తోంది. ఆమె తడి చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

"అక్కర్లేదు," అంది. "ఇప్పటిదాకా చేసిందంతా లెక్కలోకే వస్తుంది."